పేదింటి సామాను

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చబోతుంటే గేటు చప్పుడయింది. వెళ్ళి చూస్తే ఒక కుర్రవాడు. భుజాన సంచి, చేతిలో ఫోను, మెడ చుట్టూ తడిసిన తువాలు. తిరుపతి ఎండ సంగతి నేను కొత్తగా చెప్పాలా! లోపలికి రమ్మన్నాను. తాను సినిమా వాళ్ళ తరఫున వచ్చానని, సెట్టుకు కావలసిన వస్తువులు ఊరంతా వెతికి తేవడం తన పని అని చెప్పాడు. మా వీధిలో అంగడి పెట్టుకున్నాయన నా ఇల్లు చూపించాడట.

"అవ్వా, మీ ఇంట్లో పాతకాలం సామాన్లు ఉండాయంట గదా. మా సినిమాలో ఒక పేదోళ్ళ ఇల్లు వస్తాది. దానికి కావల్ల," అంటూండగానే అతని చూపు వరండా చివర నులక మంచం మీద పడింది. లేచి వెళ్ళి పట్టె మీద చెయ్యేసి నిమిరాడు. "అబ్బ! అచ్చం మాకు కావల్సింది ఇదే. ఒక కాలు వేరే రంగు ఉండాది సూడండి, అదే బాగుండాది. చూస్తానే పేదోళ్ళదని తెలిసిపోతాది," అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఎనభై దాటిన మనిషి తనలో తానే అంతసేపు నవ్వితే ఎవరికైనా భయమే. పాపం, తానేదో తప్పు మాట అన్నాననుకుని సంచి సర్దుకోబోయాడు. "కూర్చో నాయనా, ఆ మంచం నువ్వు పుట్టకముందే నాటకంలో వేషం వేసింది. అప్పుడు కూడా దానిది పేదింటి మంచం వేషమే," అన్నాను. అతనికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కావాలంటే చిత్తూరులో మా అద్దె ఇంటికి, నేను పరికిణీ కట్టుకుని తిరిగిన రోజులకు వెళ్ళాలి.

ఆ ఇంట్లో ఉన్నది నలుగురం. నాయన, అమ్మ, నాయనను కన్న అవ్వ, నేను. నాయన మా వీధి దాటాక ఉన్న చిన్న బడిలో అయ్యవారు. యుద్ధం రోజులు. బియ్యానికీ కిరసనాయిలుకూ కార్డులు పట్టుకుని నిలబడాలి. పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం సంగటిలోకి రోట్లో నూరిన ఊరిబిండి, ఎప్పుడైనా చలికాలంలో అనపగింజల పులుసు. వరి అన్నం పండగ నాటి మాట. ఇంట్లో ఏదీ ఎక్కువ లేదు. అయినా మేము పేదవాళ్ళమని నాకు తెలియదు. వీధిలో అందరి పొయ్యి మీదా ఉడికేది అదే గనక, లోకమంతా అదే తింటుందని అనుకునేదాన్ని. ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అనే మాటలు నాకు తెలిసింది ఇంట్లో కాదు, నవలల్లో.

నవలలు చదివేది అమ్మ. ఐదో తరగతి వరకు చదువుకుంది. గొంతు సన్నగా ఉన్నా మాట స్పష్టం. మధ్యాహ్నం పనులు తీరాక అవ్వ ముందు చింతపండు కుప్ప, పక్కన రాతి ముక్క. అవ్వ గింజ కొట్టి తీస్తూ ఉంటుంది, నేను ఈనెలు ఏరుతూ ఉంటాను, అమ్మ గుమ్మానికి ఆనుకుని నాయన గ్రంథాలయం నుంచి తెచ్చిన నవల పైకి చదువుతుంది. ఇప్పటికీ పాత పుస్తకం తెరిస్తే నాకు ముందు చింతపండు వాసన వస్తుంది. పక్కింటివాళ్ళు కూడా తమ చేటలు తామే తెచ్చుకుని వచ్చి కూర్చునేవాళ్ళు.

ఆ నవలల్లో పేదవాళ్ళకు పని ఏడవడం. గుడిసె కారుతుంది, దీపంలో నూనె ఉండదు, ఆ గుడ్డి వెలుగులో నాయిక పేజీలకు పేజీలు కన్నీళ్ళు కారుస్తుంది. "నూనె లేకుంటే దీపం ఆర్పి పండుకోక, ఏడ్చేదానికి దీపం యాలమ్మే?" అనేది అవ్వ. అమ్మ నవ్వాపుకుని మళ్ళీ చదివేది. అవ్వకు ఇంకో ప్రశ్న ఉండేది. కథ ఎంత రసపట్టులో ఉన్నా సరే, చేతిలో రాయి ఆపి అడిగేది. "అంతా బాగుండాది గానీ, ఆ పొద్దు వాళ్ళు ఏం తిన్నారు?"

"అది రాయలేదత్తా."

"మూడు దినాలు ఇంట్లో పొయ్యి ఎలిగించలేదంటివి. మరి ఆయమ్మకు అంతసేపు ఏడ్చేదానికి శక్తి యాడ్నించి వచ్చె?"

గొప్పవాళ్ళ ఇళ్ళ వర్ణన వచ్చినా అంతే. వెండి పళ్ళేల్లో షడ్రసోపేతమైన భోజనం వడ్డించారని రాసి ఉంటే అవ్వ ఒప్పుకునేది కాదు. "షడ్రసోపేతమంటే ఏం కూర చేసినారో సెప్పకుండా తప్పించుకునేది," అని తీర్పు చెప్పేసేది. రాసినవాడికి వంటింటి మొహం తెలియదని అవ్వ గట్టి నమ్మకం.

సంత మైదానంలో డేరా వేసి సినిమా బొమ్మలు ఆడించేవాళ్ళు వచ్చినప్పుడు అవ్వను కూడా తీసుకుపోయాం. అందులో పేద పిల్ల గడ్డి మీద నిద్రపోతుంది. కల వస్తుంది. కల అని మనకు తెలియాలి గదా, తెర అడుగు నుంచి పొగ లేచింది. అవ్వ ఒక్క ఉదుటున లేచి, "లేయండి, లేయండి, డేరా అంటుకునింది!" అని నా చెయ్యి పట్టి లాగింది. చుట్టుపక్కల నాలుగు వరసలు లేచాయి. పొగలోంచి ఆ పిల్ల పట్టుచీర కట్టుకుని, నెత్తిన రవ్వల బొట్టుతో నడిచి వచ్చేదాకా ఎవరూ కూర్చోలేదు. ఇంటికి వచ్చేదారిలో అవ్వ, "నాకూ కలలు వస్తాయి. ఒక్కదాంట్లోనన్నా పట్టుచీర కట్టినానా? ఎప్పుడు సూసినా రైలు తప్పిపోయినట్టే వస్తాది," అంది. నాయన పడిపడి నవ్వాడు.

నాయనకు నాటకాల పిచ్చి. బడి వదిలాక ఇంటికి వచ్చి అంబలి తాగి సమాజం వాళ్ళ రిహార్సలుకు పోతే చీకటి పడేవేళకు వచ్చేవాడు. ఆయనకు ఎప్పుడూ ఒకటే రకం వేషం, రాజో జమీందారో. మనిషి పొడుగు, మీసం దట్టం, గొంతు ఖంగుమంటుంది. ఇంట్లో మాటలు వల్లె వేస్తూ "ఎవడ్రా అక్కడ!" అని అరిస్తే పక్కింటి మేక తాడు తెంపుకునేది. నేను బంటును. మంచినీళ్ళ చెంబు పట్టుకుని "చిత్తం ప్రభూ" అంటూ వచ్చి నిలబడాలి. అవ్వ లోపల్నుంచి, "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత," అని సాగదీసేది. అమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. నాయన వేషం కట్టిన రోజున వెనక వరసలో కూర్చుని ఆయన చెప్పే ప్రతి మాటకూ పెదవులు కదిపేది. ఆయనకు వచ్చిన మాటలన్నీ ఆమెకూ వచ్చు.

సమాజానికి సొంత సామాను అంటూ రెండు తెరలు తప్ప ఏమీ లేవు. నాటకానికి ముందురోజు మందుల అంగట్లో పని చేసే మునిరత్నం మామ ఒక ఎద్దుల బండి కట్టుకుని వీధి వీధీ తిరిగి అందరి ఇళ్ళలో వస్తువులు అడిగి తెచ్చేవాడు. నాటకాన్ని ఆడించేదీ ఆయనే. వకీలు గారింట్లో ఊగే కుర్చీ, గోడ గడియారం, ముఖమల్ కోటు. జవుళి అంగడి వాళ్ళింట్లో తివాచీ. ఆ బండి ఏ ఇంటి ముందు ఆగింది, ఏం ఎక్కించుకుంది అన్నది ఊరంతా చూసేది. మా ఇంటి ముందు ఎన్నడూ ఆగలేదు. అమ్మకు పెళ్ళిలో పెట్టిన ఇత్తడి చెంబు ఒకటి ఉండేది. దాన్ని చింతపండు పిప్పితో తోమి తోమి మొహం కనిపించేలా పెట్టుకునేది. రాజుగారి ముందు పెట్టడానికి అది చాలదా అని ఒకసారి నాతో అన్నది. నేను చాలుతుందన్నాను.

ఒక ఏడు మేడల్లో జరిగే కథ కాకుండా పేదవాడి కథ వేద్దామనుకున్నారు. జమీందారు ఒక పేద రైతును ఇంట్లోంచి వెళ్ళగొడతాడు, రైతు పట్నం పోయి లక్షాధికారియై మోటారు కారులో తిరిగివచ్చి జమీందారు మేడనే కొంటాడు. అదీ కథ. ఆ ముందురోజు బండి వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. అమ్మ పరుగున లోపలికి పోయి చెంబు తీసి కొంగుతో ఇంకోసారి తుడిచింది. మునిరత్నం మామ గడప దగ్గర నిలబడి తల గోక్కుంటున్నాడు.

"ఏం లేదక్కా. నాటకంలో పేదోని ఇల్లు ఒకటి ఉండాది. ఆ పెద్దిళ్ళల్లో అడిగితే అట్లాంటి సామాను వాళ్ళ దగ్గర యాడుంటాది? అందుకని... ఒక కుక్కి మంచం, రెండు కుండలు, ఒక బొంత."

అమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. సమాధానం చెప్పింది అవ్వ. "కుక్కి మంచం ఏందిరా? మొన్ననే నులక బిగిచ్చినా. రాయి ఏస్తే ఎగిరి పడతాది. తీసుకోని పో, జాగర్తగా తెచ్చియ్యి," అని తానే ఒక పట్టె పట్టి బండి ఎక్కించింది. అవ్వకు గర్వంగానే ఉంది. ఆమె మంచం నాటకానికి పోతోంది మరి! మామ అమ్మ చేతిలోని చెంబు చూసి, "అదీ ఇయ్యక్కా, పనికొస్తాది," అని తీసుకున్నాడు.

ఆ సాయంత్రం సంగటి ముద్ద ముందు కూర్చుని నేను అడిగాను. "నాయనా, మనం పేదోళ్ళమా?"

నాయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. అమ్మ తల వంచుకుంది. అవ్వ నా ఆకులోకి చూసి, "కడుపు నిండలేదా? ఇంకొంచెం ఏసుకో," అని ఊరిబిండి వేసింది. ఆ రోజు అది నాకు జవాబులాగా అనిపించలేదు.

కిరసనాయిలు కరువు గనక నాటకం పగటిపూటే. ఆదివారం మధ్యాహ్నం బడి ఆవరణలో వేదిక కట్టారు. ముందు అంకంలో వకీలు గారి కుర్చీ, గడియారం మధ్య ముఖమల్ కోటు తొడుక్కుని నాయన వెలిగిపోయాడు. తెర దించి మళ్ళీ ఎత్తేసరికి పేదవాడి ఇల్లు. మా మంచం నులక వదులు చేసి నడిమిని నేలకు తాకేలా కుంగదీశారు. అమ్మ చెంబుకు మసి పూశారు. కుండలకు ఊలుదారాలతో బూజు కట్టారు. నా పక్కన అమ్మ ముందుకు వంగి చూసింది. "నా చెంబు," అంది, అంతే. వెనక ఆడవాళ్ళు అప్పుడే కొంగులు కళ్ళకద్దుకుంటున్నారు. పేదరికం బాగా పండిందన్నమాట.

రైతు కాళ్ళు పట్టుకున్నాడు. నాయన మీసం మెలివేసి, "ఎవడ్రా అక్కడ! వీడి సామానంతా బయట పారేయండి!" అని గర్జించాడు. భటులు ఇద్దరు మంచం తలపైకెత్తి విసరడానికి సిద్ధమయ్యారు. అప్పుడు మా పక్కనుంచి అవ్వ లేచింది.

"ఒరేయ్! నా మంచంరా అది! కాలు ఇరుగుతాది, మెల్లగా దించండ్రా! నువ్వన్నా సెప్పరా వాళ్ళకు, అట్లా సూస్తా నిలబడినావు!"

ఆవరణంతా గొల్లుమంది. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. రైతు వేషం వేసినాయన నేల మీద బోర్లా పడి నవ్వు దాచుకుంటున్నాడు. మునిరత్నం మామ తెర పక్కనుంచి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నాయన ఒక్క క్షణం అవ్వను చూశాడు. తర్వాత జమీందారుగానే, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, "ఆ మంచం మాత్రం మెల్లగా దించండి! ముసలిదాని ఉసురు నాకెందుకు!" అన్నాడు. చప్పట్లు చప్పట్లు. కానీ భటులు అప్పటికే ఒక కొస వదిలేశారు. కాలు పుటుక్కున విరిగింది.

ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక మద్రాసు ఆయన ఉన్నాడు. పట్నం మీద బాంబులు పడతాయన్న భయంతో అక్కడి జనం మా వైపుకు వచ్చి తలదాచుకున్న రోజులవి. ఈయన సినిమా కంపెనీలో ఏదో పనిలో ఉన్నవాడు, అత్తగారింట దిగాడు. నాటకమయ్యాక వచ్చి నాయన భుజం తట్టి, "నువ్వు ఈడ ఉండాల్సినోడివి కాదప్పా. నేను తిరిగి పోయినాక కబురు పెడతా, వచ్చెయ్. జమీందారు వేషం ఇప్పిస్తా," అన్నాడు. అని మరిచిపోయినా బాగుండేది. భయం తగ్గి ఆయన మద్రాసు వెళ్ళాక, ఎండాకాలం సెలవులు ఇచ్చే సమయానికి కబురు వచ్చేసింది.

నాయన ఊహల్లోనే మేడ కట్టేశాడు. అమ్మకు వెండి చెంబు, అవ్వకు టేకు మంచం, నాకు కాన్వెంటు చదువు. "ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట," అని అవ్వ ఇటికరాయి మీద నిలబెట్టిన మూడు కాళ్ళ మంచం మీద అటు తిరిగి పడుకుంది. అమ్మ ఒకే మాట అడిగింది. "బడి తెరిసే దినానికి వచ్చేస్తారు గదా?"

ఆ ప్రశ్నలో మా బతుకంతా ఉంది. హెడ్మాస్టరు మంచివాడే, కానీ ఆయన చేతిలో ఏమీ లేదు. నాయన ఇదివరకే నాటకాల కోసం సెలవులు పెట్టి పై వాళ్ళ దగ్గర మాట పడ్డాడు. బడి తెరిచిన రోజు గంట కొట్టేలోపల రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామని తేల్చి చెప్పారు. ఆ కాలంలో చదువుకుని ఖాళీగా ఉన్నవాళ్ళకు కొదవా! నాయన వస్తానన్నాడు. సంచి భుజాన వేసుకుని కాట్పాడి రైలుబండి ఎక్కాడు.

ఆ సెలవులు నేనెలా గడిపానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు నవ్వు కాదు. నవలలు వినీ వినీ, బొమ్మలు చూసీ చూసీ నాకు లోకరీతి అంతా తెలిసిపోయింది. పట్నం పోయిన తండ్రి గతులు రెండే. ఒకటి, అక్కడ గొప్పవాడై మోటారు కారులో తిరుగుతూ, గుమ్మంలో నిలబడ్డ సొంత బిడ్డను గుర్తుపట్టక చిల్లర విసురుతాడు. రెండు, వానలో సత్రం అరుగు మీద దగ్గుతూ, బిడ్డ వచ్చేసరికి కన్ను మూస్తాడు. మూడో గతి నేను ఏ పుస్తకంలోనూ వినలేదు. ఈ రెంటిలో మా నాయనకు ఏది రాసి ఉందో తెలియక, ఏది కోరుకోవాలో అంతకన్నా తెలియక, దేవుడికి దండం కూడా పెట్టుకోలేకపోయాను. కలలో ఒకసారి నాయన కారులో వచ్చాడు. నా వైపు చూడకుండానే పోయాడు. పొగ ఏమీ లేవలేదు. అందుకని అది కల అని లేచాక చాలాసేపటి వరకూ తెలియలేదు.

అమ్మ చదువుతున్న నవల సగంలో ఆపేసింది. అవ్వ కూడా తర్వాత ఏమైందని అడగలేదు. చింతపండు కొడుతున్నప్పుడు రాయి చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

బడి తెరిచే ముందురోజు సాయంత్రం కాట్పాడి రైలు వచ్చింది, పోయింది. నాయన రాలేదు. అమ్మ ఆయన పంచె ఉతికి ఆరేసి మడత పెట్టింది. పొద్దున నాకు జడ నొప్పి పుట్టేలా బిగించి అల్లి బడికి పంపింది. బడి వరండాలో తెల్లచొక్కా వేసుకున్న ఒక కొత్త మనిషి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయనెవరో నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కరలేదు కూడా. నేను పోయి నా తరగతిలో కూర్చున్నాను. మా తరగతికీ నాయన తరగతికీ మధ్య వెదురు తడిక ఒకటే అడ్డం. ఆ వైపు అయ్యవారు లేని పిల్లలు చేసే గోల. గంట మొదలయింది. ఆ రోజు గంట ఎందుకో చాలాసేపు మోగింది. ఆగకపోతే బాగుండునని నేను కళ్ళు మూసుకున్నాను. ఆగింది.

"ఎవడ్రా అక్కడ!"

తడిక కదిలింది. బడి అంతా నిశ్శబ్దమైపోయింది. ఒక్క క్షణం తర్వాత అదే గొంతు, కాస్త ఆయాసంతో, మామూలుగా, పిల్లల పేర్లు పిలవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరూ "హాజరండీ" అంటున్నారు. ప్రతి పేరుకూ నా గుండెలో బరువు కొంచెం కొంచెంగా దిగింది. తర్వాత జీవితంలో నాకు మంచి రోజులు చాలా వచ్చాయి. పెళ్ళి, పిల్లలు, నా కథలకు సన్మానాలు, శాలువాలు. ఆ హాజరు పట్టీ విన్నంత సుఖంగా దేన్నీ వినలేదు. నేను ఏడుస్తున్నానని పక్కపిల్ల చెబితే తెలిసింది. మా తరగతికి పాఠం చెప్పే హెడ్మాస్టరు నన్ను చూశాడు. బోర్డు వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

గంట సంగతి తర్వాత తెలిసింది. రైలు మారే చోట, కాట్పాడిలో, నాయనకు చిత్తూరు బండి తప్పిపోయింది. అవ్వ కల ఫలించిందన్నమాట! రాత్రంతా స్టేషనులో కూర్చుని పొద్దున్నే ఏదో లారీలో చిత్తూరు చేరి, బడి వైపు పరుగెత్తుకొస్తుంటే, గంట కొట్టే ముసలాయన వీధి మొదట్లో ఆయనను చూశాడట. చూసి, నాయన వెనక గోడ సందులోంచి దూరి తన తరగతిలో అడుగు పెట్టేదాకా కొడుతూనే ఉన్నాడట.

సాయంత్రం నాయనా నేనూ కలిసి ఇంటికి వచ్చాం. వీధిలో నా చెయ్యి పట్టుకుని నడిచాడు. సంచి పోయేటప్పుడు ఎంత ఉందో అంతే ఉంది, నాకోసం బొరుగుల పొట్లం ఒకటి తప్ప. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల్నుంచి చెంబు తోముతున్న చప్పుడు వినిపించింది. తోమిన చెంబునే మళ్ళీ తోముతోంది. అవ్వ మూడు కాళ్ళ మంచం మీద లేచి కూర్చుని కొడుకును పైనుంచి కిందిదాకా చూసింది. "ఏం తిన్నావురా?" అంది.

నాయన అవ్వ పక్కన నేల మీద కూలబడ్డాడు. నవ్వుతూనే చెప్పాడు. జమీందారు వేషం ఇంకెవరికో ఇచ్చేశారట. ఎండలో చాలా రోజులు కూర్చోబెట్టి, చివరికి నాయనకు బిచ్చగాడి వేషం ఇచ్చారట. "మసి పూసి, చినిగిన గుడ్డ కట్టి, ఆకలిగా సూడమన్నారమ్మా. అప్పుడే కంపెనీవాళ్ళు అందరికీ సాంబారన్నం పెట్టినారు. వరి అన్నం! నేనూ మొహమాటం లేకుండా తినేసినా. యాడ సూసేది ఆకలిగా? ఈడ కడుపులో అంబలి తప్ప ఏమీ లేనప్పుడు జమీందారు వేషమేసినా, ఎవురూ కనుక్కోలేదు. ఆడ కడుపునిండా తిని బిచ్చగాని వేషమంటే నాకు రాలా. 'నువ్వు పనికిరావు, పో' అన్నారు."

"సాంబారులో ఏం కూరగాయలు ఏసినారు?" అంది అవ్వ.

"మునక్కాయ, ముల్లంగి."

"పరవాలేదు," అంది అవ్వ, మద్రాసును క్షమించేసి. లోపల అమ్మ నవ్వింది. ఆ నవ్వు ఏడుపులోకి పోయి మళ్ళీ నవ్వులోకి వచ్చింది. నేను బొరుగులు తింటూ కూర్చున్నాను. కారూ లేదు, దగ్గూ లేదు. నాయన ఉన్నాడు, రేపు మళ్ళీ బడికి పోతాడు. ఇలాంటి ముగింపు ఒకటి ఉంటుందని నాకు ఏ కథా చెప్పలేదే అని ఆ సాయంత్రం ఎంత ఆశ్చర్యపోయానో!

టేకు మంచం రాలేదు. మంచానికి వేప కాలు వచ్చింది. ఆ పై ఏడు అదే నాటకం మళ్ళీ వేశారు, అదే బండి మా గుమ్మం ముందు ఆగింది. ఈసారి అమ్మ మునిరత్నం మామకు చెంబు చేతికిచ్చి, "మసి పూస్తే నువ్వే తోమి తేవల్ల," అంది. నాయన జమీందారుగా "మంచం మాత్రం మెల్లగా!" అన్నప్పుడు జనం ముందే చప్పట్లు సిద్ధం చేసుకుని కూర్చున్నారు. ఆ మాట నాటకంలో భాగమైపోయింది. అమ్మ సగంలో ఆపిన నవల కూడా పూర్తి చేసింది. నాయిక చచ్చిపోయింది. అవ్వ ఏమాత్రం బాధపడలేదు. తినకుండా అన్ని రోజులు ఏడిస్తే అంతేనంది.

ఇప్పుడు నా ఇంట్లో రోజూ వరి అన్నమే. సంగటి మాత్రం డాక్టరు చెప్పాడని, అదేదో మందులాగా, చేసుకుంటున్నాను. టీవీలో గొప్పింటి ఆడవాళ్ళు నగలతోనే నిద్రపోయి నగలతోనే లేస్తారు. పేదవాళ్ళు వస్తే ఇంకా ఆ ఊలుదారాల బూజుతోనే వస్తారు. కల వస్తే పొగ కూడా లేస్తుంది. మా మునిరత్నం మామ చూస్తే తన శిష్యులే అనుకుంటాడు. నా కథల గురించి ఒకాయన, వీటిలో ఎవరూ పైకి రారు, ఎవరూ పాడవరు, ఊరికే వండుకుని తింటూ ఉంటారని రాశాడు. ఎత్తిపొడుపే కావచ్చు. అవ్వ వింటే మెచ్చుకునేది. కలిమిలేములు కావడికుండలంటారు గానీ, ఆ కావడి మోసేవాడు మధ్యలో దించి ఏం తిన్నాడో ఎవరూ అడగరు. మేము పేదవాళ్ళమా అని నేనడిగిన రోజున అవ్వ ఇంకొంచెం వేసుకోమంది. ఆ జవాబు నాకు అందడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇదంతా ఆ కుర్రవాడికి చెప్పాను. ఫోను పక్కన పెట్టి విన్నాడు. అవ్వ లేచిన చోట గట్టిగా నవ్వాడు కూడా. చివరికి నెమ్మదిగా అడిగాడు. "అయితే మంచం ఇస్తారా, ఇయ్యరా అవ్వా?"

"మీ సినిమాలో ఆ ఇంట్లో ఎవరుంటారు?"

"ఒక తల్లీ కొడుకూ అవ్వా. కొడుకు పట్నం పోయి పెద్దోడయిపోతాడు."

"వాళ్ళు ఏం తింటారు?"

ఫోను తీసి పైకీ కిందికీ జరిపి చూశాడు. "అది రాయలేదవ్వా," అన్నాడు.

నాకు అమ్మ గొంతు వినిపించినట్టయింది. అతన్ని అప్పుడు సరిగా చూశాను. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పొద్దున్నించీ ఈ ఎండలో ఇల్లిల్లూ తిరుగుతున్నాడు, కలవారి ఇంటికి ఒక జాబితా, లేనివారి ఇంటికి ఒక జాబితా పట్టుకుని.

"నువ్వేం తిన్నావు నాయనా?" అన్నాను.

అతను నేల చూపులు చూశాడు. "ఇంకా లేదవ్వా. తిరగతానే ఉండా."

కుండలో సంగటి ఉంది. ఎండు అనపగింజల పులుసు కొంచెం మిగిలింది. నేను గోడ పట్టుకుని లేచాను.

"మంచం యాడికీ పోదులే. ముందు చేతులు కడుక్కో."